అడిగితే ఒప్పుకునేదాన్నే

“బ్యాగు సర్దావా?” అని భర్త మళ్లీ అడిగాడు.

జవాబుగా కుట్టుమిషను గర్రుమంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. అతను అడగడం, ఆమె మోటారు పెడలు నొక్కడం. నిండు నెలల కడుపు మిషను బల్లకు తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకొని, చేతులు బారజాచి మరీ స్కూలు గౌన్లకు అంచులు కుడుతోంది. వాటిని ఈవేళే ఇవ్వమని అడిగినవాళ్లెవరూ లేరు. కానీ వీధి వీధంతా టైలరమ్మ అని పిలిచే ఆ మనిషికి కోపం వస్తే నోరు మూతపడుతుంది, మిషను నోరు తెరుస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

“పొద్దున్నే రమ్మన్నారు. ఇప్పుడు సర్దుకోకపోతే రేపు హడావుడి అయిపోతుంది. నీ చెప్పులు ఏవి పెట్టమంటావు?”

మిషను ఆగింది. ఆమె పళ్లతో దారం తెంపింది.

“మీ ఇష్టం. మీరే సర్దండి.”

భర్త చేతిలోని బ్యాగు జిప్పు సగంలో ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచీ అతన్ని ‘నువ్వు’ అనే పిలిచింది. కోపంలోనూ నువ్వే, ముద్దులోనూ నువ్వే. పదేళ్లుగా బస్సు నడుపుతూ ఎన్నో మలుపులు చూసిన మనిషికి ఆ ఒక్క ‘మీరు’ దగ్గర బ్రేకు పడింది.

“ఇదేంటి కొత్తగా?”

“కొత్తగా ఏముంది? ఆస్పత్రిలో మంచం మీరే మాట్లాడారు. రోజు మీరే పెట్టారు. నా తరఫున సరేనని కూడా మీరే చెప్పొచ్చారు. బ్యాగు ఒక్కటీ నాకెందుకు వదిలేశారు? పన్లో పని, కనడం కూడా మీరే కనేస్తే నేను కూర్చుని ఈ గౌన్లు పూర్తిచేసుకుంటాను.”

గోడవారగా కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పెద్దది తలెత్తి చూసి, మళ్లీ పుస్తకంలోకి దూరింది. దాని పక్కనే నేల మీద మూడేళ్ల తమ్ముడు ఖాళీ దారపు రీళ్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి రైలు కడుతున్నాడు. వాడికి ఈ గొడవ పట్టలేదు. వాడు పనిలో పడితే పక్కన పిడుగు పడినా తిరిగి చూడడని ఇంట్లో ఒక మాట.

టైలరమ్మ కాన్పులంటే ఆ మేడలో కథలు కథలుగా చెప్పుకుంటారు. పెద్దది ఆస్పత్రి గుమ్మంలో పుట్టింది, చక్రాల కుర్చీ తెచ్చేలోపు. రెండోవాడు ఆ గుమ్మం దాకా కూడా ఆగలేదు. నడుం పట్టేసినట్టుందని ఆమె లేచేసరికే సగం పని అయిపోయింది. ఈ మేడ మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు మలుపులో, భర్త అక్క అయిన వదిన చేతుల్లో పడ్డాడు. అందుకే వాడు మెట్లబాబు. ఇప్పుడు మూడో కాన్పు. మందు పెట్టి ముందుగానే నొప్పులు రప్పించుకోవడమా, వాటంతట అవి వచ్చేదాకా ఆగడమా? నెల రోజులుగా ఆమె కంటి మీద కునుకు లేకుండా చేసిన ప్రశ్న అది.

ఈ పొద్దున డాక్టరమ్మ ఆ ప్రశ్నకు జవాబు ఆమె చేతిలో పెట్టింది. అరటిపండు ఒలిచి పెట్టినట్టు.

“పోయినసారి బాబుకు పుట్టగానే ఊపిరి అందలేదని మీవారు వచ్చి చెప్పారమ్మా. ఆ భయంతోనే ఈసారి ఆగొద్దని మీరిద్దరూ అనుకున్నారట. మంచిది. రేపు పొద్దున్నే వచ్చేయండి.”

టైలరమ్మ భర్త వైపు చూసింది. చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే గోడ కాగితాన్ని అతను జీవితంలో చేతులే కడుక్కోనివాడిలా శ్రద్ధగా చదువుతున్నాడు.  ఆమె లేచి బయటికొచ్చేసింది. బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుంది. ఇంటికొచ్చి మిషను ముందేసుకుంది.

ఇప్పుడు అడిగింది.

“ఊపిరి అందకపోవడం ఏంటి?”

“అదేం పెద్ద విషయం కాదు. డాక్టరమ్మ కొంచెం ఎక్కువ చేసి...”

“మీరు ఎంత చెప్తే ఆవిడ ఎక్కువ చేసింది?”

అతను నీళ్లు నమిలాడు. బ్యాగులో పెట్టిన తువ్వాలు తీసి, మడత మార్చి, మళ్లీ పెట్టాడు. “అక్క డ్యూటీ దిగి వస్తుంది. వచ్చాక మాట్లాడుకుందాం.”

“ఓహో. అక్కకూ తెలుసన్నమాట.”

ఆమె ఆ మాట అన్న తర్వాత గానీ అతనికి అర్థం కాలేదు, ఏం జారవిడిచాడో.

*

వదిన బస్టాండులో మైకు మనిషి. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో చెప్పేది ఆవిడే. ఆ గొంతు వింటే పరుగెత్తేవాళ్లు నిలబడతారు, నిలబడ్డవాళ్లు పరుగెత్తుతారు. వర్షాలకు వంతెన కూలి బస్సులన్నీ ఆగిపోయిన రోజున కూడా ఆ గొంతు వణకలేదంటారు. కింది అంతస్తులో ఒక్కతే ఉంటుంది. డ్యూటీ దిగితే ముందు పైకొచ్చి, మేనల్లుణ్ణి ఒకసారి ఎత్తి దింపి, ఆ తర్వాతే తన తాళం తీస్తుంది.

ఈరోజూ అలాగే చేతిలో రొట్టె పొట్లంతో వచ్చింది. తమ్ముడి మొహం చూసింది. మరదలి వీపు చూసింది.

“ఏంటి, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది? కరెంటు గానీ పోయిందా?”

“కూర్చో వదినా. వీడు పుట్టిన కథ ఒకసారి చెప్పు.”

“అబ్బ, ఎన్నిసార్లు వింటావే! రేపు కాన్పనేసరికి ముచ్చటేస్తోందా?” వదిన నవ్వుతూ బట్టల మూట మీద కూర్చుని గొంతు సవరించుకుంది. ఆ కథ చెప్పమంటే ఆవిడకు హుషారు. “ఏముంది, అక్కా అని నువ్వు కేకేశావు. ఎప్పుడూ వదినా అనేదానివి, ఆరోజు అక్కా అన్నావు. పరుగెత్తుకొచ్చేసరికి మెట్ల మీద కూలబడి ఉన్నావు. బస్సు స్టాండుకు రాకముందే ప్రయాణికుడు దిగిపోయాడు! దిగీ దిగ్గానే వీధంతా మోగేలా ఒకటే...”

“ఆ ఏడుపు ఎప్పుడొచ్చింది వదినా?”

వదిన నోరు తెరిచే ఉంది.  తమ్ముడి వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా అతను బ్యాగులోకి చూస్తున్నాడు.

“చెప్పేశావా?” అంది వదిన అతనితో, నెమ్మదిగా.

“నాకు కాదు. డాక్టరమ్మకు చెప్పాడు,” అంది టైలరమ్మ. “నాకు నువ్వు చెప్పు.”

 మెట్లబాబు రైలుకు ఇంకో పెట్టె తగిలించాడు.

“బొడ్డుతాడు మెడకు చుట్టుకుని ఉంది పిల్లా,” అంది వదిన చివరికి. ఆ గొంతు మైకులో వినిపించే గొంతు కాదు. “నీకు కళ్లు తిరిగాయి. వెనక్కి వాలిపోయావు. వీడు నా చేతిలో... నీలంగా ఉన్నాడు. తడిగుడ్డలా వేలాడిపోతున్నాడు. తాడు తప్పించాను. నోట్లో వేలు పెట్టి తుడిచాను. వీపు రుద్దాను, పాదాలు గిల్లాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకేం చేయాలో తెలియక వాడి నోట్లో నోరు పెట్టి ఊదాను. ఎన్నిసార్లు ఊదానో నాకే తెలీదు. ఎంతసేపని అడక్కు. నాకదొక జన్మలా ఉంది. తమ్ముడు మెట్లెక్కి వచ్చేసరికి నేను ఊదుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపుకే నువ్వు కళ్లు తెరిచావు.”

“మరి ఆస్పత్రిలో లైటు కింద పెట్టారు కదా, కామెర్లని.”

“కామెర్లు కాదు. ఊపిరి సరిగ్గా నిలబడేదాకా చూడ్డానికి పెట్టారు.”

“మరి కామెర్లని ఎవరన్నారు?”

“నేనే. నేనే అలా చెప్పమన్నాను వీణ్ని. పచ్చి బాలింతవి, బెంగ పెట్టుకుంటే పాలు పడవని. నువ్వు కాస్త కోలుకున్నాక చెప్దాంలే అనుకున్నాం. ఈలోగా నువ్వే అందరికీ నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టావు, మెట్లబాబు మెట్లబాబని. ఎక్కడ ఆపాలో మాకు తెలీలేదు.”

“ఆపడం మానేసి నువ్వూ చెప్పావు. బస్సనీ, ప్రయాణికుడనీ.”

వదిన తల వంచుకుంది.

టైలరమ్మకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. ఈ ఇద్దరిలో ఒకరు మోసం చేస్తే రెండోవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పుకుని ఏడవొచ్చు. కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది?

*

“పోయినేడాది పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం,” అంది భర్తతో. గొంతు పెంచలేదు. మిషను ఆగిన ఇంట్లో గొంతు పెంచాల్సిన అవసరమూ లేదు. “వీడికి రెండేళ్లు దాటినా మాట రావట్లేదని. ఆయన మొట్టమొదట ఏమడిగాడో గుర్తుందా?”

అతను బ్యాగులోంచి తువ్వాలు మళ్లీ బయటికి తీశాడు.

“పుట్టగానే ఏడ్చాడా అని అడిగాడు. నేనేం చెప్పాను?”

“వదిలెయ్. ఇప్పుడవన్నీ...”

“‘వీధంతా వినబడేలా ఏడ్చాడండీ’ అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆయన కూడా నవ్వాడు. మీరు నా పక్కనే కూర్చున్నారు. మోకాలికి మోకాలు తగులుతోంది. ఒక్క ముక్క మాట్లాడలేదు.”

“నీ ఎదురుగా ఎలా చెప్పను?”

“ఇంటికొచ్చాక మాత్రం మాట్లాడారు. పగలంతా మిషను ముందేసుకు కూర్చుంటే పిల్లాడికి మాటలు ఎవరు నేర్పుతారన్నారు. అన్నారా లేదా?”

“ఏదో విసుగులో...”

“విసుగులోనే అన్నారు. నేను మాత్రం విసుగనుకోలేదు, నిజమనుకున్నాను. గిరాకీ సగం వదులుకున్నాను. పొద్దున పూట మిషను ముట్టుకోకుండా వాణ్ని ఒళ్లో పెట్టుకుని అత్త, తాత, బంతి అని గొంతు నొప్పెట్టేలా చెప్పాను. రాకపోతే నాదే లోపం అనుకున్నాను. రోజూ అనుకున్నాను. అది మీరు కళ్లారా చూస్తూ ఉన్నారు.”

భర్త గోడకు చేరబడి నేల మీద కూర్చుండిపోయాడు. ఎదిగిన మనిషి అలా కూలబడితే ఇంకో రోజైతే ఆమెకు జాలేసేది.

“మళ్లీ అలా జరక్కూడదనే కదా చేశాను,” అన్నాడు. “ఈసారి నేను రూటు మీద ఉంటే? అక్క డ్యూటీలో ఉంటే? ఆ మెట్ల మీద నువ్వొక్కదానివే ఉంటే? నాకు నిద్ర పట్టట్లేదు. అందుకే వెళ్లి డాక్టరమ్మతో మాట్లాడాను. నేనేమన్నా చెడు చేశానా?”

“చెడు చేశారని ఎవరన్నారు? మంచే చేశారు. ఆ మంచి నాకొక్కదానికీ తెలియకుండా చేశారు.”

“చెప్తే భయపడతావని.”

“భయపడతాను! కడుపులో ఉన్నది నా బిడ్డ. భయపడే పని నాది. అది కూడా మీరు లాక్కుంటే ఎలా?” మొదటిసారి ఆమె గొంతు చీలింది. “నెల రోజులు మిమ్మల్ని అడిగాను. మందు పెట్టించుకుంటే బిడ్డకేమవుతుందో, ఆగితే ఏమవుతుందో నాకు తేలడం లేదు, ఏం చేద్దాం అని అడిగాను. మీరేమన్నారు? ‘నీ ఒళ్లు, నీ ఇష్టం’ అన్నారు. ఎంత మంచి మొగుడు దొరికాడని మురిసిపోయాను. అటు తిరిగి పడుకుని, మర్నాడు పోయి మంచం మాట్లాడొచ్చారు. నా ఇష్టం అన్నది మీరే, నేను సరేనన్నానని చెప్పిందీ మీరే.”

“ఇప్పుడు వద్దంటావా అయితే?”

“అడిగితే ఒప్పుకునేదాన్నే,” అంది. “జరిగింది చెప్పి అడిగితే ఆ నిమిషమే ఒప్పుకునేదాన్ని. రెండో మాట లేకుండా. ఇప్పుడు ఆ సరే నాదో మీదో నాకే తెలీడం లేదు.”

వదిన ఏదో అనబోయింది. టైలరమ్మ ఫోను తీసుకుని, నడుం పట్టుకుని లేచి, బయటికి నడిచింది.

*

మెట్ల దగ్గర సాయంత్రపు ఎండ కిటికీ ఊచల్లోంచి ఏటవాలుగా పడుతోంది. కింద ఎవరో సైకిలు తాళం వేస్తున్నారు. ఆమె రెయిలింగు పట్టుకుని డాక్టరమ్మకు ఫోను చేసింది. తానెవరో చెప్పింది.

“పొద్దున మీరు లేచి వెళ్లిపోయినప్పుడే అనుమానం వచ్చిందమ్మా. ముందొకటి చెప్పండి. మీరు సరేనన్నారా, అనలేదా?”

“అనలేదు.”

“అయితే తప్పు నాది కూడా. మిమ్మల్నే అడగాల్సింది. రేపటి మంచం తీసేయిస్తాను. మీ నోటితో మీరు చెప్పేదాకా ఏ మందూ పెట్టం.”

“తీసేయకండి. ముందు నాకు చెప్పండి. ఆయనకు చెప్పినట్టు కాదు. నాకు.”

డాక్టరమ్మ చెప్పింది. దాపరికం లేకుండా చెప్పింది. నెలలు నిండాయి, బిడ్డ బరువు బాగుంది, తల కిందికే ఉంది. కాన్పు ఇంత వేగంగా అయ్యేవాళ్లకు ముందుగా నొప్పులు రప్పిస్తే ఒకటే లాభం, బిడ్డ పుట్టే వేళకు తల్లి మంచం మీద ఉంటుంది, చుట్టూ మనుషులుంటారు. అలాగని మందుతో ఇబ్బంది లేకపోలేదు. నొప్పులు మరీ ఉధృతంగా రావొచ్చు. అందుకే ఆమెకు చాలా కొద్దిగా మొదలుపెడతారు, బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉంటారు. ఒక్కోసారి మందు అనుకున్నట్టు పనిచేయదు కూడా.

“ఆగితే?”

“ఆగడం కూడా తప్పు కాదు. ఆస్పత్రి పక్కనే ఎక్కడైనా ఉండి, నడుం కాస్త లాగినా వచ్చేయాలి. రెండు దారులూ ఉన్నాయి. రెండింట్లోనూ భయం ఉంది.”

“మెడకు తాడు చుట్టుకుంటే?”

“అది మందు పెట్టినా జరగొచ్చు, పెట్టకపోయినా జరగొచ్చు. చాలామంది పిల్లలకు ఏమీ కాదు కూడా. జరగదని మాటివ్వలేను. జరిగితే మాత్రం ఊపిరి ఊదడానికి ఇక్కడ సాధనాలున్నాయి, తెలిసిన చేతులున్నాయి.”

టైలరమ్మ కింది మలుపు వైపు చూసింది. ఇన్నేళ్లూ రోజూ దిగి ఎక్కిన మలుపు. అక్కడ తాను కళ్లు మూసుకుని పడి ఉంటే, ఒక ఆడది మోకాళ్ల మీద కూర్చుని తన బిడ్డ నోట్లో ఊపిరి ఊదుతూ ఉండడం ఇప్పుడు మొదటిసారి చూసింది. చూశాక అక్కణ్నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది.

“వస్తాను డాక్టరుగారూ,” అంది. “ఈ మాట నేను అంటున్నాను. రాసుకోండి.”

*

లోపలికి వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు ఆమె వదిలి వెళ్లిన చోటే ఉన్నారు.

“రేపు వెళ్తున్నాను,” అంది. “వదిన నాతో వస్తుంది.”

వదిన కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. “నేనా? నా మీద కోపం లేదా నీకు?”

“లేకేం, కుప్పలుగా ఉంది. అది ఎక్కడికీ పోదు, పురుడయ్యాక తీరిగ్గా కోప్పడతాను. కానీ వాడి ఒంట్లో మొదటి ఊపిరి నీది. నిన్ను కాదని ఎవర్ని తీసుకెళ్లను?”

వదిన మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని బావురుమంది. బస్టాండు మొత్తాన్ని నిలబెట్టే గొంతు అలా పగిలిపోతుంటే టైలరమ్మ వెళ్లి ఓదార్చలేదు. పక్కకూ జరగలేదు.

“మరి నేను?” అన్నాడు భర్త.

“మీరు వీణ్ని తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పుట్టగానే ఏడవలేదని మీ నోటితో చెప్పి రండి.”

అతను లేవలేదు. బ్యాగు జిప్పు అటు లాగాడు, ఇటు లాగాడు.

“చెప్పాను,” అన్నాడు.

“ఏంటి?”

“ఆరోజే చెప్పాను. మనం బయటికొచ్చాక గొడుగు మర్చిపోయానని లోపలికి వెళ్లాను చూడు. అప్పుడు.”

టైలరమ్మ మిషను బల్ల అంచు పట్టుకుంది. “ఆయనేమన్నాడు?”

“చెవుల పరీక్ష చేయించమన్నాడు. ఆలస్యం చేయొద్దన్నాడు.”

వదిన ఏడుపు ఆగిపోయింది. ఆవిడ చేతులు దించి తమ్ముడి వైపు చూసింది. ఈ మాట ఆవిడకూ తెలియదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

“చేయించారా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“ఏడాదైంది!”

“చేయిస్తే ఎందుకో నీకు చెప్పాల్సి వచ్చేది,” అన్నాడు.

ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఎప్పుడూ మిషను మోతలో అరుచుకుంటూ మాట్లాడుకునే ఇల్లు అది. ఆ మోతలో ఎవరు ఎవరి మాట వింటున్నారో, ఎవరు వినడం లేదో ఎప్పుడూ తేలేది కాదు.

మెట్లబాబు ఆమెకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. రైలు చివరి పెట్టె నిలబడటం లేదు. మళ్లీ మళ్లీ నిలబెడుతున్నాడు.

“బాబూ,” అంది టైలరమ్మ.

వాడు తిరగలేదు.

“బాబూ... నాన్నా...”

వాడు రీలును వెలుతురుకెత్తి దాని బెజ్జంలోంచి చూస్తున్నాడు.

పెద్దది పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసి, రోజూ చేసే పనే అన్నట్టు లేచి, తమ్ముడి భుజం మీద రెండుసార్లు తట్టింది. వాడు అక్క మొహంలోకి చూశాడు. అక్క వేలు చూపించిన వైపు తిరిగాడు. అమ్మ కనబడగానే మొహమంతా నవ్వయ్యాడు.

“వెనక నుంచి పిలిస్తే వాడు చూడడమ్మా,” అంది పెద్దది. “తట్టాలి. నీకు తెలీదా?”